మిషన్ స్కూలు ఎనిమిదో తరగతి: ఇద్దరు పిల్లల్ని చదివించాక

మాది రాజోలు దగ్గర పల్లె. మా పిల్లలిద్దరినీ ఆరో తరగతి నుంచి ఒకే మిషన్ స్కూల్లో వేశాం. మా వాడిది 2018-19లో ఎనిమిదో తరగతి, అమ్మాయిది 2023-24లో. మేం హిందువులం కాబట్టి కొత్తగా ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: “ఏవండీ, బైబిలు పాఠాలు చెప్పేస్తారంట కదా?” ఎనిమిదో తరగతి గురించి అడగాల్సింది అది కాదు. అయినా అడుగుతున్నారు కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

చెబుతారు. రోజూ అసెంబ్లీలో ఒక పాట, ప్రార్థన. వారానికి రెండు పీరియడ్లు మోరల్ క్లాసు పేరుతో బైబిలు కథలు, కంఠస్థం చేయాల్సిన వాక్యాలు. పరీక్ష కూడా పెడతారు, కానీ ఆ మార్కులు మొత్తంలో కలపరు. మా అత్తగారు మొదట్లో గొణిగారు. క్రిస్మస్ కార్యక్రమంలో మనవడు గొర్రెల కాపరి వేషం వేశాక ఆవిడే వీధంతా చెప్పుకొచ్చారు.

నేను అనుకోని లాభం మాత్రం తెలుగులో కనిపించింది. బైబిలులో ఉన్నది పాతకాలపు తెలుగు కదా. “ఏలయనగా”, “చేయుచున్నాడు” లాంటి మాటలు ఏడాదంతా నోట్లో నానేసరికి తెలుగు వాచకంలో పద్యాలు మా వాడికి బెదురు పుట్టించలేదు. ప్రతిపదార్థం రాయమంటే ట్యూషన్‌లో మిగతా పిల్లలు దిక్కులు చూసేవారు, వీడు రాసేసేవాడు.

అమ్మాయి తరహా వేరు. సోషల్లో లౌకికవాదం పాఠం అయిన రోజు ఇంటికొచ్చి, “పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే పిల్లల్ని మతబోధకి కూర్చోబెట్టాలంట, నువ్వెప్పుడు ఒప్పుకున్నావమ్మా?” అంది. నిజమే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడికైనా, సాయం తీసుకునే బడికైనా రాజ్యాంగం 28వ అధికరణం ఆ షరతు పెట్టింది. నేను ఎక్కడా సంతకం పెట్టిన గుర్తు లేదు. వెళ్ళి అడిగితే హెడ్మాస్టారు విసుక్కోలేదు. “వద్దనుకుంటే ఆ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోమనండమ్మా” అన్నారు. ఆ లైబ్రరీకి ఎప్పుడు చూసినా తాళమే! మా పిల్ల రెండు వారాలు వరండాలో కూర్చుని, పాటలంటే ఇష్టం కాబట్టి మళ్ళీ క్లాసుకే పోయింది. బైబిలు చెప్పడం మీద నాకు కోపం లేదు. వద్దన్న పిల్లకి ఆ గంటలో ఇంకేమీ ఏర్పాటు చేయకపోవడం మీదే ఉంది.

ఇక అసలు అడగాల్సింది సైన్సు గురించి. ఏడో తరగతి దాకా సైన్సు పుస్తకం ఒకటే. ఎనిమిదికి వచ్చేసరికి భౌతిక రసాయన శాస్త్రాలకి (పీఎస్) ఒకటి, జీవశాస్త్రానికి (బీఎస్) ఒకటి, పరీక్షలూ విడివిడిగా. పిల్లల మీద బరువు పడేది అక్కడే.

మా వాడి టైములో పీఎస్‌కి ఒక మాస్టారు, బీఎస్‌కి ఒక టీచరమ్మ. ఆ మాస్టారు దహనం పాఠం చెప్పేటప్పుడు పుస్తకం పక్కన పెట్టి పాశర్లపూడి కథ ఎత్తుకున్నారట. 1995 జనవరిలో మాకు దగ్గర్లోనే గ్యాస్ బావి బ్లోఔట్ అయింది, అంటే గ్యాసు అదుపు తప్పి ఎగజిమ్మింది, 65 రోజులు మండింది. మండాలంటే ఇంధనం, గాలి, జ్వలన ఉష్ణోగ్రత మూడూ ఉండాలి, ఒక్కటి తీసేసినా ఆరిపోవాలి కదా, మరి అన్నాళ్ళు ఎందుకు ఆరలేదో ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మన్నారు. ఆ రాత్రి మా మామగారు అన్నం కూడా మర్చిపోయి మాట్లాడారు. రాత్రుళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేదని, ఆ హోరుకి నిద్ర పట్టేది కాదని. “కింద నుంచి గ్యాసు తన్నుకొస్తూనే ఉంటే మంట ఎక్కడ ఆరుద్దిరా” అన్నారు. మా వాడు అదే మాట నోటుబుక్కులో రాసుకెళ్ళాడు. మాస్టారు రైటు కొట్టి, దాని కింద “పీడనం” అనే మాట చేర్చారు.

2021లో ఎయిడెడ్ టీచర్లు, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే ప్రైవేటు బడుల టీచర్లు, ప్రభుత్వ బడుల్లోకి వెళ్ళే వీలు వచ్చింది. మా స్కూలు సాయం వదులుకుంది, ఆ మాస్టారూ టీచరమ్మా వెళ్ళిపోయారు. అమ్మాయి ఎనిమిదికి వచ్చేసరికి రెండు సైన్సులకీ, అదీ మూడు తరగతులకి, ఒక్క టీచరే. పాపం ఆవిడ తప్పు లేదు. నోట్సు డిక్టేట్ చేయడానికే టైము సరిపోయేది. కౌమార దశ పాఠం మాత్రం “ఇంటి దగ్గర చదువుకోండి” అని దాటేశారు. అది నేనే చెప్పాను. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న కొత్త పుస్తకం లేకపోతే నా వల్ల అయ్యేది కాదు.

సాయం పోయినందుకు ఇంకో దెబ్బ ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదిలో రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఇది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. ఆదాయ పరిమితి ఉంటుంది, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలే రాయాలి. మా వాడు రాశాడు, రాలేదు. కానీ దానికోసం బడి అయ్యాక మాస్టారు చేయించిన రీజనింగ్ లెక్కలు వాడికి ఇప్పటికీ పనికొస్తున్నాయి. అమ్మాయికి అసలు అప్లికేషన్ పెట్టే అర్హతే లేకుండా పోయింది. ఈ సంగతి స్కూలు వాళ్ళు మాకు ముందు చెప్పలేదు, అడిగాక చెప్పారు.

హిందీ గురించి చెప్పడానికేం లేదు. ఏ బడిలో అయినా గైడే దిక్కు.

మొన్న మా తోడికోడలు వాళ్ళబ్బాయిని ఎనిమిదిలో అక్కడ వేయాలని వచ్చింది. మొదలుపెట్టడమే “అక్కా, బైబిలూ...” అని. ముందు వెళ్ళి ఈ ఏడాది టైంటేబుల్ చూపించమను అన్నాను. పీఎస్ ఎదురుగా, బీఎస్ ఎదురుగా వేరువేరు పేర్లుంటే చేర్చేయ్. ఒక్క పేరే ఉంటే సైన్సు ట్యూషన్‌కి ఎంతవుతుందో ఇప్పుడే కనుక్కో.