వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఏళ్ల తరబడి వాడాక

9 అంగుళాల మెటల్ ఫ్యాన్, వెనక రేకు షట్టర్. మిర్యాలగూడలో 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న వంటిల్లు, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్. ఏళ్లుగా రోజూ రెండు పూటలా తిరుగుతోంది. మోటారుకు పేరు పెట్టేది లేదు. మిరపకాయ పోపు వేస్తే హాల్లో కూడా దగ్గొస్తుందంటే తప్పు చాలాసార్లు ఫ్యాన్‌ది కాదు, గాలి వచ్చే దారిది.

ఫ్యాన్ పక్కనే ఉన్న కిటికీ తెరిచారనుకోండి. బయటి గాలి అందులోంచి వచ్చి నేరుగా ఫ్యాన్‌లోకి పోతుంది, పొయ్యి మీది పొగ ఉన్నచోటే ఉంటుంది. అన్నీ మూసినా అంతే, లాగడానికి గాలి లేక ఫ్యాన్‌కి మోతే మిగులుతుంది. ఎదురు గోడ తలుపో కిటికీయో జానెడు తెరవాలి, పొయ్యి ఆ దారి మధ్యలో పడాలి. వెలిగించిన ఊదుబత్తిని ఆ సందు దగ్గర పట్టుకుంటే తెలిసిపోతుంది: పొగ వంటింటి వైపు వంగాలి. ఎండాకాలం హాలు కిటికీకి కూలర్ పెట్టే ఇళ్లలో ఇది ఇంకా బాగా కుదురుతుంది, కూలర్ నెట్టిన గాలిని ఫ్యాన్ బయటికి పంపుతుంది. రైస్ మిల్లుల ఊక బూడిద పడే వైపు కిటికీ మాత్రం తెరవకండి. ఫ్యాన్ ఎంత లాగితే అంత బూడిద ఇంట్లోకొస్తుంది.

పదడుగుల ఎత్తుతో ఈ గది సుమారు 23 ఘన మీటర్లు. డబ్బా మీద గంటకు 700 ఘన మీటర్లు అని రాసున్నా, షట్టర్‌కీ జిడ్డుకీ సగం పోతుందనే లెక్కేసుకోవాలి. అప్పుడు గదిలోని గాలంత గాలి బయటికి పోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అందుకే పొయ్యి వెలిగించే ముందే వేసి, ఆర్పాక 15 నిమిషాలు తిరగనివ్వాలి. పొయ్యితోపాటే ఫ్యాన్ ఆపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, కరెంటు పొదుపని. 50 వాట్ల ఫ్యాన్ రోజుకు రెండు గంటలు తిరిగినా నెలకు మూడు యూనిట్లే.

జొన్న రొట్టెల పొగలో ఎక్కువ భాగం రొట్టెది కాదు, పెనం మీద రాలి మాడిన పొడి పిండిది. రొట్టె రొట్టెకూ తడిగుడ్డతో పెనం తుడిస్తే ఫ్యాన్‌కి సగం పని తగ్గుతుంది. మంట పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేయాలి, ఆ మంటకు మసి, కార్బన్ మోనాక్సైడ్ రెండూ ఎక్కువ. పడగ్గదిలో దోమల కాయిల్ వెలిగించి తలుపు మూసుకునేవాళ్లకు ఈ ఫ్యాన్ ఏమీ చేయలేదు.

దోమలొస్తాయని ఫ్యాన్ మీద సన్నటి జాలి బిగించకండి. నూనె, దుమ్ము కలిసి కొద్ది వారాల్లోనే అట్ట కడుతుంది. జిడ్డుకి షట్టర్ రేకులు కూడా అంటుకుపోతాయి, ఫ్యాన్ తిరిగినా తెరుచుకోవు. నెలకోసారి ప్లగ్ తీసి, రెక్కల నట్టు విప్పండి. చాలా ఫ్యాన్లకు అది ఎదురు మరలు, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. బలవంతం చేస్తే షాఫ్ట్ వంగుతుంది. వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి రెక్కలు అరగంట నానబెడితే చాలు. అల్యూమినియం రెక్కలైతే సోడా వద్దు, నల్లబడతాయి, గిన్నెల సబ్బే వాడండి. మోటారు మీద నీళ్లు పడకూడదు. హమ్మని మోగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్ అనుమానించండి, దాని మీద రాసున్న విలువదే కొత్తది వేయించాలి.

గ్యాస్ వాసన వచ్చినప్పుడు ఈ స్విచ్ ముట్టుకోవద్దు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. స్విచ్‌లో రవ్వ చాలు. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి బయటికి రండి.

సంక్రాంతికి గంటల తరబడి సకినాలు కాల్చే ఇంటికి మాత్రం 9 అంగుళాలది చాలదు. కొత్తగా కట్టుకునేవాళ్లు గోడలో 12 అంగుళాలదానికి సరిపడా ఖాళీ వదిలించుకోండి. చిన్న ఫ్యాన్‌ని చెక్క ఫ్రేములో బిగించుకోవచ్చు, ఉన్న రంధ్రాన్ని తర్వాత పెద్దది చేయాలంటే గోడ పగలగొట్టాలి.