ఈమ్ వెళ్తే పొలిమేర రాయి దాకా నడవండి

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న ఈమ్ ఊరికి మొదటిసారి మాంచెస్టర్ నుంచి డే టూర్ బస్సులో వెళ్లాం. మనిషికి 59 పౌండ్లు. దారిలో ఒక పెద్ద భవనం దగ్గర మూడు గంటలు ఆపి, ఈ ఊరికి నలభై నిమిషాలిచ్చారు. ఇళ్ల ముందు ఫొటోలు దిగేలోపే హారన్ మోగింది. తిరిగొచ్చేదాకా మా అత్తయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ బస్సులు వద్దు. సొంత కారులో వెళ్లండి, ఒక పూటైనా ఉంచుకోండి.

ముందు మ్యూజియం చూడండి. చలికాలంలో మూసేస్తారు, తెరిచే రోజులు కనుక్కుని బయల్దేరండి. అక్కడ కథ తెలిస్తే తర్వాత చూసే ప్రతి రాయీ అర్థమవుతుంది. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి బట్టల మూట వచ్చింది. దాంతోపాటే ప్లేగు మోసే గోమార్లూ (ఫ్లీ పురుగులు) వచ్చాయంటారు. మూట విప్పిన దర్జీ సహాయకుడు జార్జ్ వికర్స్ సెప్టెంబరు 7న చనిపోయాడు. 1666 జూన్‌లో చర్చి గురువు విలియమ్ మాంపెసన్, ఆయనకు ముందున్న థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని ఒప్పించారు: రోగం పక్క ఊళ్లకి పాకకుండా పొలిమేర దాటి ఎవరూ వెళ్లకూడదు. నవంబరుకి దాదాపు 260 మంది పోయారు.

చర్చిలోకి ఉచితం. ఆవరణలో 8వ శతాబ్దపు రాతి శిలువ ఉంది, దగ్గర్లోనే మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి. గోడమీద 1775 నాటి నీడ గడియారాన్ని తలెత్తి చూడండి. 1672లో కట్టిన ఈమ్ హాల్‌ని బయటినుంచి చూస్తే చాలు.

అసలైనవి ఊరి బయట ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరి శవాల్ని వాళ్లే తోటల్లో, పొలాల్లో పాతిపెట్టుకోవాలి. తూర్పున అర మైలు ఎక్కితే రైలీ సమాధులు. 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు బిడ్డల్నీ ఒక్కతే ఇక్కడ పూడ్చింది. చుట్టూ గుండ్రటి రాతి గోడ, లోపల గడ్డిలో చిన్న చిన్న రాళ్లు. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లండి.

తర్వాత లిడ్‌గేట్ వీధి గుండా స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల దారి పట్టండి. ఇరవై నిమిషాల్లో పొలిమేర రాయి వస్తుంది. దానిలో ఆరు గుంటలు. రోగం అంటకుండా ఊరివాళ్లు వాటిలో వెనిగర్ పోసి నాణేలు వేసేవాళ్లు, పక్క ఊళ్లవాళ్లు డబ్బు తీసుకుని తిండి పెట్టి వెళ్లేవాళ్లు. గుంటల అంచులు వేలు పెడితే జారేంత నున్నగా అరిగాయి. ఈ రాయి కోసమే మళ్లీ వెళ్లొచ్చు.

వాన పడితే ఆ దారంతా బురద, మామూలు చెప్పులతో జారిపడతారు. మడమ పట్టే బూట్లు వేసుకోండి. ఇంకో మాట: ఊరి పేరు 'ఇయామ్' కాదు, 'ఈమ్' అంటేనే అక్కడివాళ్లకి తెలుస్తుంది.