చప్పుడు చేసే అడాప్టర్: వాడుకోవాలా, బాగు చేయించాలా, మార్చేయాలా?

రాత్రి పదకొండు దాటాక ఫ్యాను ఆపితే, పెదవాల్తేరులో మా ఇంటిదాకా సముద్రపు హోరు వినిపిస్తుంది. మొన్న ఆ హోరులో రౌటర్ అడాప్టర్ దగ్గర్నుంచి చిటచిటమని ఇంకో చప్పుడు కలిసింది. "తీసి అవతల పారేయరా" అంది అమ్మ. "ఏం కాదు, వాడుకోండి" అన్నాడు బావ. చప్పుడు ఎలాంటిదో తేలకుండా నేను ఏ మాటా చెప్పలేను.

చిటచిట వినిపిస్తే ఆలోచించకుండా స్విచ్ ఆపేయాలి. ఎక్కడో కరెంటు వదులు సందులో నిప్పురవ్వలుగా దూకుతోందన్నమాట. కమురు వాసన కూడా వస్తే ఆ అడాప్టర్‌ను మళ్లీ పెట్టనే వద్దు. వాసనా వేడీ లేకపోతే ఇంకో సాకెట్లో పెట్టి చూడొచ్చు. నేనదే చేశాను. హాల్లో సాకెట్లో పెడితే కిక్కురుమనలేదు.

సన్నగా కుయ్యిమనే కూత వేరు. ఇప్పటి అడాప్టర్లు 230 వోల్టుల కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ తగ్గిస్తాయి. ఆ వేగం మామూలుగా 20 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 20 వేలసార్లకు పైనే, మన చెవికి అందదు. ఫోను తీసేసినా, ఛార్జింగ్ నిండినా పని తగ్గి అడాప్టర్ విడతలు విడతలుగా నడుస్తుంది. ఆ విడతలు చెవికి అందే హద్దులోకి దిగి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును కాసేపు దాచుకునే సెరామిక్ కెపాసిటర్లు వణికి కూత పుడుతుంది. ఫోను పెట్టగానే ఆగిపోతే నిశ్చింతగా వాడుకోండి. ఎప్పుడూ లేనిది కొత్తగా మొదలై రోజురోజుకీ పెరుగుతుంటే మార్చేయండి.

పాత బరువు అడాప్టర్లు జుమ్మనడం సహజం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మోత పెరిగితే, అది కరెంటును నున్నటి అలలా కాక కోసినట్టు మెట్లుగా ఇచ్చే స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ పని. ఫ్యాన్లూ అప్పుడే గుయ్యిమంటాయి, గమనించండి.

ఇక బాగు చేయించడమా, కొత్తది కొనడమా? ఫోను, రౌటర్ అడాప్టర్లకైతే కొనడమే మేలని గట్టిగా చెబుతాను. వాటి డొప్పను అతికించేస్తారు. పగలగొట్టి మళ్లీ జిగురు పూస్తే, 230 వోల్టుల వైపునూ మనం ముట్టుకునే వైపునూ వేరుచేసే కట్టుదిట్టం మునుపటిలా ఉంటుందన్న నమ్మకం లేదు. ఖరీదైన లాప్‌టాప్ అడాప్టర్‌లో కెపాసిటర్ ఉబ్బితే చేయి తిరిగిన మెకానిక్‌కి చూపించవచ్చు. ఇంట్లో మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లో దాదాపు 325 వోల్టులు చేరతాయి, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉండొచ్చు.

కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా పాతదానివే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ, ఎక్కువ గానీ ఉండొచ్చు. పిన్ను సైజుతోపాటు దాని మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నదీ కలవాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు లేనిది చవకగా ఇచ్చినా నేను తీసుకోను.

మా రౌటర్‌కి కొత్త అడాప్టర్ అవసరం పడలేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మెయిన్ ఆపి చిటచిటమన్న ఆ పాత సాకెట్ విప్పాడు. ఉప్పుగాలికి లోపలి ఇత్తడి రేకులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక రేకు సాగి వదులైంది, దాని అంచు నల్లగా కాలింది. అదే గోడకున్న టీవీ సాకెట్‌ని కూడా మార్పించేశాను.