గిత్తల బండి దారిలో ఆగితే: గుడివాడ, కోటప్పకొండ ప్రయాణాల్లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఎంతవరకు అక్కరకొచ్చింది

సంక్రాంతి మొదలు ఎండలు ముదిరేదాకా మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవదు. ఒంగోలు గిత్తల జతను బండలాగుడు పోటీలకు తిప్పడమే పని. గుంటూరు పక్కనుంచి బయల్దేరి పండక్కి గుడివాడ, శివరాత్రికి కోటప్పకొండ, మధ్యలో ఎవరు కరపత్రం పంపితే ఆ ఊరు. ఏటా గిత్తల్ని ఎక్కించుకెళ్లే డీసీఎం లారీకి ఇన్సూరెన్స్ రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఏజెంటు అడిగేది ఒకటే: "రోడ్ సైడ్ అసిస్టెన్స్ కూడా కలపమంటారా?" అంటే బండి దారిలో చెడిపోయి ఫోన్ చేస్తే మనిషినో క్రేన్‌నో పంపే సేవ. ఈమధ్య పశువుల్ని తిప్పేవాళ్లు నన్నూ అదే అడుగుతున్నారు. నా మాట ఇది: కలపమనండి. టైరుకి, బ్యాటరీకి, డీజిల్‌కి అది బాగానే పనికొస్తుంది. గిత్తలు ఎక్కి ఉన్న బండిని క్రేన్ వచ్చి లాక్కెళ్తుందని మాత్రం నమ్ముకోకండి.

ముందు దారి సంగతి. గుంటూరు నుంచి గుడివాడకు మేం పదహారో నంబరు హైవే ఎక్కి కాజ టోల్ దాటి, మంగళగిరి, తాడేపల్లి మీదుగా కనకదుర్గ వారధి దిగుతాం. అక్కణ్నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు వైపు వెళ్లొచ్చు, లేదా గన్నవరం, హనుమాన్ జంక్షన్ మీదుగా చుట్టు తిరగొచ్చు. చుట్టు దారే నాకు ఇష్టం. హైవే నున్నగా ఉంటుంది, బ్రేకులు వేసే పని తక్కువ. లోపలి రోడ్లలో స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ గిత్తలు నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడతాయి. పోటీ రోజుకి ఆ అలుపు గిట్టల్లో, పిక్కల్లో కనబడుతుంది.

కాగితాల విషయంలో బద్ధకం వద్దు. 1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం పశువైద్యుడి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, గూడ్స్ బండిలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు, వాటి తలలు ఇంజన్ వైపు ఉండాలి. అర్ధరాత్రి తెల్లటి గిత్తలతో బండి కనబడగానే పోలీసులు ఆపడం మామూలే. సర్టిఫికెట్, దాంతోపాటు పోటీ కరపత్రం చూపిస్తే మాటా పలుకూ లేకుండా పంపేస్తారు. కరపత్రంలో మన జత పేరు అచ్చయి ఉంటే కానిస్టేబులే దిగి టార్చి వేసి గిత్తల్ని చూసి "ఎన్ని పళ్లు?" అని వాటి వయసు అడుగుతాడు. ఈ ప్రాంతంలో అది మర్యాద కింద లెక్క.

ఇక అసలు కథ. గుడివాడ నుంచి తిరిగొస్తున్నాం. మంగళగిరి దాటి చినకాకాని దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, బ్యాటరీ లైటు వెలిగింది. బెల్టు తెగిపోయింది. డ్రైవర్ బండిని ఎడమకు తీసి ఆపాడు. రాత్రి ఒంటిగంట దాటి ఉంటుంది. పాలసీలో ఉన్న అసిస్టెన్స్ నంబరుకి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తారు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. లొకేషన్ లింక్ పంపారు, బండి నంబరు అడిగారు. ఆ తర్వాత అడిగింది "లోడు ఉందా సార్?"

"ఉందమ్మా. గిత్తలు."

కాసేపు సంగీతం వినిపించి మళ్లీ లైన్లోకొచ్చింది. "సార్, లోడు దించేసి మళ్లీ కాల్ చేయండి. ఖాళీ బండినే టో చేస్తాం."

ఆ అమ్మాయిని అని లాభం లేదు, ఆవిడ ముందున్న కాగితంలో రాసిందే చదివింది. కానీ హైవే పక్కన, లారీలు హోరుమని పోతుంటే, పోటీ చేసి అలిసిపోయిన గిత్తల్ని ఎక్కడికి దించుతాం? ర్యాంపు వేయాలంటే గట్టు కావాలి, కట్టేయాలంటే చెట్టో గుంజో కావాలి. బెదిరి ఒకటి ముకుతాడు తెంపుకుందంటే డివైడర్ మీదికే పోతుంది. లక్షలు పోసి కొన్న జత సంగతి అలా ఉంచండి, ఆ వేగంలో వచ్చే కారులో ఉన్నవాళ్ల సంగతేంటి?

బండి కదులుతున్నంతసేపూ గాలి తగులుతుంది, ఊపుకి అలవాటు పడి గిత్తలు కళ్లు మూసుకుని నిలబడతాయి. ఆగిన పావుగంటకే మొదలవుతుంది. ఒకటి బరువు కుడికాలు మీద వేస్తుంది, రెండోది తోక విదిల్చి పక్క చెక్కను తంతుంది, బండి మొత్తం ఊగుతుంది. మా కుర్రాడు లోపలికెక్కి రెండింటి మధ్య నిలబడి గంగడోలు నిమురుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. అతను దిగితే చాలు, అవి మళ్లీ కదిలేవి.

అప్పుడు 1033కి చేశాం. జాతీయ రహదారుల సంస్థ 2018లో పెట్టిన హెల్ప్‌లైన్ అది. పాలసీతో పని లేదు, టోల్ కట్టే ప్రతివాడికీ ఉన్న సౌకర్యం. టోల్ వాళ్ల పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది, ఎర్ర లైటు తిప్పుతూ నిలబడింది. నా టెన్షన్ సగం అక్కడే దిగింది. క్రేన్ వచ్చాక దాని డ్రైవర్ ఒకసారి బండి వెనక్కి వెళ్లి చూసి "అన్నా, ఎత్తను. గొలుసేసి మెల్లగా సర్వీస్ రోడ్డులోకి లాగుతా, మీవాణ్ని లోపలే ఉండమనండి" అన్నాడు. ముందు భాగం పైకెత్తితే గిత్తలు వెనక్కి జారతాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పల్లెటూరివాడై ఉంటాడు. అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

సర్వీస్ రోడ్డులో ఓ టీకొట్టు వెనక ఖాళీ స్థలం దొరికింది. మట్టిగట్టుకి ఆనించి వెనక చెక్క దించి గిత్తల్ని బయటికి నడిపించాం. బోరు నీళ్లు పెడితే రెండూ బకెట్లకి బకెట్లు తాగేశాయి. బెల్టు మాత్రం విజయవాడ ఆటోనగర్ నుంచి, మాకు తెలిసిన మెకానిక్ బైకు మీద తెచ్చి తెల్లారేలోపు వేశాడు. ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది 1033, టీకొట్టు, ఆటోనగర్ మెకానిక్. ప్రీమియం కట్టిన నంబరు ఆ వరసలో లేదు.

అలాగని దాన్ని దండగ అనను. ఇంకోసారి చిలకలూరిపేట బైపాస్‌లో ఇలాగే గిత్తలతో వెళ్తుంటే వెనక టైరు పగిలింది. అప్పుడు అదే సర్వీసు మనిషిని పంపింది. టో కాదు, టైరు మార్చడమే కాబట్టి లోడు గొడవ రాలేదు. అయితే వచ్చిన కుర్రాడు జాకీ చేతిలో పట్టుకుని "లోపల పశువులుంటే నేను లేపను సార్" అన్నాడు. అతని భయం న్యాయమైనదే. రెండు గిత్తలు కలిపి టన్ను దాటి బరువు, ఆ బరువు తనంతట తను అటూ ఇటూ కదిలే బరువు. బస్తాలైతే ఎక్కడ వేస్తే అక్కడుంటాయి. జాకీ మీద ఉన్నప్పుడు గిత్త ఒక అడుగు పక్కకు వేసిందంటే జాకీ ఒరుగుతుంది. మా దగ్గర రెండో జాకీ, పెద్ద తుమ్మమొద్దులు, ముందు చక్రాలకు అడ్డం పెట్టే చీలలు ఉన్నాయి. అవి చూపించి, ఇరుసు కింద మొద్దు పెట్టి, మా కుర్రాణ్ని గిత్తల మధ్య నిలబెట్టాకే అతను పని మొదలెట్టాడు. పని తెలిసినవాడు, చకచకా అయిపోయింది. పైసా అడగలేదు. ఏడాది ప్రీమియంలో దీనికి పడేది గిత్తల దాణా ఖర్చు ముందు లెక్కలోకి రాదు, ఆ ఒక్క టైరుతోనే కిట్టినట్టు.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు గుర్రాలు పెంచుతాడు. పికప్ వెనక ట్రైలర్ తగిలించి తిప్పుతుంటాడు. ఈ కథ చెప్తే వాడు ఆశ్చర్యపోలేదు. అక్కడా మామూలు సర్వీసులు చాలావరకు బండి వరకే చూస్తాయట, వెనక ట్రైలర్‌లో గుర్రాలున్నాయంటే చేతులెత్తేస్తాయట. అందుకే గుర్రాల ట్రైలర్లు లాగేవాళ్ల కోసమే యూఎస్‌రైడర్ అనే సభ్యత్వ పథకం నడుస్తోంది. బండి చెడిపోతే ట్రైలర్‌ను గుర్రాలతో సహా లాగించే ఏర్పాటు చేస్తారు, దగ్గర్లో గుర్రాల్ని కట్టేసుకునే చోటు, పశువైద్యుడి వివరాలు చెప్తారు. నేను ఇక్కడ ఏజెంటుని అలాంటిదేమైనా ఉందా అని అడిగితే నా మొహం చూసి "గిత్తలకి విడిగా పశువుల ఇన్సూరెన్స్ ఉంది కదండీ" అన్నాడు. గిత్త పోతే డబ్బులిచ్చే కాగితం అది. రాత్రిపూట దారిలో దానికి నిలబడే చోటు చూపించేది కాదు.

కాబట్టి కట్టేముందు ఏజెంటుతో మాట్లాడి సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసిన షరతులు చదవండి. గూడ్స్ బండికి వర్తిస్తుందా, కారుకి మాత్రమేనా? లోడుతో ఉన్న బండిని లాగుతారా, ఎన్ని కిలోమీటర్ల వరకు? "జీవాలు" అన్న మాట మినహాయింపుల్లో ఉందా? ట్రాక్టర్ వెనక ట్రాలీలో తీసుకెళ్లేవాళ్లయితే ట్రాలీకి విడిగా కాగితం ఉందో లేదో కూడా చూసుకోవాలి, ట్రాక్టర్ పాలసీ దాన్ని మోయదు. 1033 జాతీయ రహదారుల మీదే పనిచేస్తుంది. గుంటూరు నుంచి పెదనందిపాడు మీదుగా పర్చూరు వైపు వెళ్లే రోడ్డులో ఆగితే ఆ నంబరు రాదు. అలాంటి దారుల్లో పాలసీ సర్వీసుకే కాస్త విలువ.

గిత్తకి దెబ్బ తగిలితే మాత్రం 1962 నంబరుకి చేయాలి. రాష్ట్రంలో 2022లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 బండ్లతో మొదలైన సంచార పశువైద్య సేవ అది. పడిపోయిన పశువుని ఎత్తడానికి బండికి హైడ్రాలిక్ లిఫ్టు ఉంటుంది. విజయవాడ దాటి ఏలూరు వైపు వెళ్తుంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల హైవేకి దగ్గరే, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన చోటు. గుంటూరు వైపు లాంలో ఒంగోలు జాతి మీద పనిచేసే పశు పరిశోధనా కేంద్రం ఉంది.

బస విషయం చెప్పాలంటే, గిత్తలతో వెళ్లినవాడికి లాడ్జి ఉన్నా లేనట్టే. విజయవాడ బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీలో డ్రైవర్‌కి ఒక రూము తీసుకోవడం మంచిదే, నిద్రలేని డ్రైవర్ కంటే ప్రమాదం ఇంకోటి లేదు. మిగతావాళ్లం గిత్తల పక్కనే మంచాలు వేసుకుంటాం. గుడివాడలో నిర్వాహకులు షామియానా, వరిగడ్డి, నీళ్ల ట్యాంకర్ ఇస్తారు, భోజనాలకు లోటుండదు. లోటల్లా మైకు. రాత్రి పదకొండు దాటినా ఆగదు, గిత్తలకి కునుకుండదు. అందుకే మేం కట్టుగుంజలు ఎప్పుడూ స్టేజీకి అవతలి చివర పాతుకుంటాం. హనుమాన్ జంక్షన్ దగ్గర చెట్లూ బోరూ ఉన్న డాబాల్లో ఆగితే డీజిల్ బండ్ల వాళ్లే గిత్తల చుట్టూ చేరి కాపలా కాస్తారు. హైవే పక్క మెరిసిపోయే పెద్ద ఫుడ్ కోర్టులు మాత్రం మనకు పనికిరావు. నేలంతా టైల్సే, గిట్ట జారుతుంది, పార్కింగ్ వాచ్‌మన్ పేడ చూసి గొడవ పెట్టుకుంటాడు.

కోటప్పకొండకి తిరునాళ్ల రోజున బయల్దేరడం తెలివైన పని కాదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు, అంటే అలంకరించిన ఎత్తైన కట్టడాలు, బయల్దేరాక నరసరావుపేట, చిలకలూరిపేట దారులు నిండిపోతాయి. ఆ జనంలో బండి ఆగితే ఏ కంపెనీ మెకానిక్కూ చేరుకోలేడు. ముందురోజే వెళ్లి ఊళ్లో ఎవరి కొట్టంలోనైనా కట్టేసుకోవాలి. మాకు మా బావ మేనమామ గారిల్లు ఉంది. లేనివాళ్లు పోటీ కమిటీని అడిగితే చూపిస్తారు.

మా ఖర్చులో ఇప్పుడు ఎక్కువ పోయేది పక్క ఊరి డీసీఎం యజమానికి. ఆయనకి సీజన్ మొత్తానికి ముందే కొంత ఇచ్చి, మా బండి ఆగితే ఎంత రాత్రయినా వస్తానన్న మాట తీసుకున్నాం. ఆయన బండి ఆగితే మేం వెళ్లాలి. రెండు బండ్ల వెనక చెక్కలూ ఒకే ఎత్తులో చేయించాం, ఒకదాని వెనక ఇంకోటి ఆనిస్తే గిత్తలు నేల మీద దిగకుండానే ఇటునుంచి అటు నడిచెళ్తాయి. ఆ పని చేసిచ్చిన ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్డాయన ఇలా అడిగినవాళ్లు ముందు లేరని చెప్పాడు, కానీ వారంలో చేసిచ్చాడు.

విజయవాడలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన ఈ లెక్కంతా విని, తనకి అసిస్టెన్స్ అక్కర్లేదని తేల్చేశాడు. ఆయన బండి బెంజి సర్కిల్ నుంచి భవానీపురం మధ్యే తిరుగుతుంది, ఆగితే గుర్రాన్ని దించి నడిపించుకుంటూ వెళ్లిపోతాడు. ఆయన వరకు అదే సరైనది. మా పాలసీ రెన్యువల్ వచ్చే నెల, నేను మాత్రం కలిపే కడుతున్నాను.