ఒక్క సంఖ్యను పదింతలు చేసుకోమంటే ఏది మేలు?

నలుగురు తీరిగ్గా కూర్చున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: నీ జీవితంలోని ఏదైనా ఒక్క సంఖ్యను పదితో హెచ్చవేసుకునే వరం దొరికితే దేన్ని ఎంచుకుంటావు? ఒకరు ఆలోచించకుండానే ఆదాయం అంటారు, మరొకరు ఆయుష్షు అంటారు, ఇక ఆ ఇద్దరి మధ్య వాదం సాగుతుంది. నన్ను ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు, అడిగిన ప్రతిసారీ నేను వేరే జవాబు చెప్పాను. అందుకని ఈసారి నాకు సంబంధించిన సంఖ్యలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకొని, ఒక్కొక్కదాని పక్కన సున్నా చేర్చి చూశాను. బరువు పక్కన సున్నా పెట్టబోయి ఆగిపోయాను. చెప్పుల కొలత దగ్గర నవ్వొచ్చింది. కొని చదవకుండా పేర్చిన పుస్తకాల సంఖ్య ఎవరి వరమూ అక్కరలేకుండానే పదింతలయ్యే దారిలో ఉందని తెలిసింది.

అందరూ చూసీ చూడనట్టు వదిలేసే నిబంధన ఒకటి ఈ ప్రశ్నలోనే దాగి ఉంది. పెరిగేది ఒక్క సంఖ్యే; మిగిలినవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే ఏ సంఖ్యా ఒంటరిగా ఉండదు. ప్రతిదానికీ తోడుగా మరో సంఖ్య నడుస్తూ ఉంటుంది, ఆ తోడు పెరగనప్పుడు పెరిగినదాని గతి ఏమిటన్నదే నా దృష్టిలో ఈ పోలికను తేల్చే అంశం. ఎంత లాభమో అందరూ లెక్క వేస్తారు; పెరగకుండా మిగిలిపోయే తోడును లెక్కలోకి తీసుకునేవారు తక్కువ.

ముందుగా హెచ్చవేతకు అసలు లొంగని సంఖ్యలను పక్కన పెట్టాలి. శరీర ఉష్ణోగ్రతనే తీసుకుందాం. సెల్సియస్‌లో 37 డిగ్రీలను పదింతలు చేస్తే 370 అవుతుంది. అదే శరీరాన్ని ఫారెన్‌హీట్‌లో కొలిస్తే 98.6 కాస్తా 986 అవుతుంది, అంటే 530 సెల్సియస్ డిగ్రీలు. కెల్విన్‌లో అయితే 310 నుంచి 3100కు చేరుతుంది, అది 2800 సెల్సియస్ డిగ్రీల పైమాటే. మూడు దారుల్లోనూ మిగిలేది బూడిదే అయినా, ఒకే ఒంటికి మూడు వేర్వేరు ఫలితాలు ఎందుకొచ్చాయన్నది గమనించదగ్గ విషయం. మొదటి రెండు కొలమానాల్లో సున్నా అనేది మనుషులు తమ వీలు కోసం గీసుకున్న గీత మాత్రమే. సున్నా అంటే నిజంగా ఏమీ లేదని అర్థం వచ్చే చోటనే పదింతలు అనే మాటకు అర్థం ఉంటుంది. ఐక్యూ కూడా ఈ కారణంగానే తప్పుకోవాలి. సగటు 100, ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి అంకెలు ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15 అని ముందే నిర్ణయించుకొని మనుషులను ఒక వరుసలో నిలబెట్టే స్థానసూచిక అది. 800 కోట్ల మందిలో అందరికన్నా ముందు నిలిచే వ్యక్తికి కూడా ఆ లెక్క ప్రకారం 195కు అటూ ఇటూగా మాత్రమే వస్తుంది కనుక, 1000కి ఆ వరుసలో చోటే లేదు. తెలివిని పదింతలు చేసుకుంటామనేవారు ముందు దాన్ని కొలిచే గిన్నె ఏదో చూపించాలి.

ఎత్తు సంగతిని 1638లోనే గెలీలియో తేల్చేశాడు. ఎత్తు, వెడల్పు, మందం అన్నీ పదింతలైతే బరువు వెయ్యింతలవుతుంది, ఆ బరువును మోయవలసిన ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం నూరింతలే అవుతుంది. అంటే ప్రతి ఎముక మీదా పది రెట్ల ఒత్తిడి పడుతుంది. పదింతలదాకా పోనక్కరలేదు. నమోదైన మనుషుల్లోకెల్లా పొడవైన రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్ల దగ్గరే కాళ్లకు లోహపు ఊతాలు లేకుండా నడవలేకపోయాడు, 1940లో 22 ఏళ్ల వయసులో ఆ ఊతం ఒరుసుకుని అయిన పుండు విషమించి చనిపోయాడు. రోజుకు 240 గంటలు కావాలనేవారికి ఒక్క మాట చాలు: ఆకలీ నిద్రా పాత లెక్క ప్రకారమే వస్తాయి, ఆ ఒక్క రోజులో పదిసార్లు పడుకొని లేవవలసి వస్తుంది, కనుక వారు పది రోజులకు ఒక రోజని కొత్త పేరు పెట్టుకోవడం తప్ప సాధించేది ఏమీ లేదు.

ఆదాయం పక్షాన ఉన్న వాదం తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: ఆస్తి అనకుండా ఆదాయం అనే అడగాలి, ఎందుకంటే అప్పులు ఆస్తిని మించినవారి నికర ఆస్తిని పదితో హెచ్చవేస్తే లోటే పదింతలవుతుంది. చేతికి వచ్చే అదనపు సొమ్ము కలిగించే తృప్తి అప్పటికే ఉన్న సొమ్ముకు విలోమానుపాతంలో ఉంటుందని 1738లో డేనియల్ బెర్నౌలీ ప్రతిపాదించాడు. దాన్ని గణితంలోకి దించితే లాగరిథమ్ వస్తుంది; అంటే సంపద పదింతలైన ప్రతిసారీ తృప్తి ఒకే ఒక్క మెట్టు ఎక్కుతుంది, ఆ మెట్టు పేదకూ కుబేరుడికీ ఒకే ఎత్తులో ఉంటుంది. ఈ చివరి మాట నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. కింది మెట్టు ఎక్కినవారికి వైద్యం, నిశ్చింతగా పట్టే నిద్ర, ఎవరి ముందూ చేయి చాచనక్కరలేని స్థితి దొరుకుతాయి. ఐదో మెట్టు మీద వాటికి సాటివచ్చేది ఏముందో నాకు తోచడం లేదు. అవసరాలు తీరని ఆదాయం ఉన్నవారు ఈ పోలికను ఇక్కడితో ఆపి ఆదాయాన్నే కోరుకోవాలి. అవసరాలు తీరినవారికి మాత్రం దాని తోడు సంఖ్య అడ్డొస్తుంది: ఖర్చు పెట్టడానికీ అనుభవించడానికీ ఉన్న గంటలు అన్నే ఉంటాయి.

అలాంటప్పుడు ఏళ్లనే పెంచుకుంటే సరిపోతుంది కదా అని ఆయుష్షు పక్షం వారు అంటారు. నేను కూడా చాలాకాలం ఆ పక్షంలోనే ఉన్నాను. మనసు మార్చింది ఒక చిన్న లెక్క. యౌవనం దాటిన తరువాత మనిషికి ఏడాదిలో మరణించే అవకాశం క్రమం తప్పకుండా రెట్టింపవుతూ పోతుందని 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ గమనించాడు. ఇప్పటి లెక్కల్లో ఆ రెట్టింపుకు సుమారు ఎనిమిదేళ్లు పడుతుంది. దీనికి తిరుగు లెక్క వేయండి. అన్ని వయసుల్లోనూ మరణ ప్రమాదాన్ని ఎలాగో సగానికి సగం తగ్గించగలిగినా కలిసొచ్చేది ఎనిమిదేళ్లే. పదో వంతుకు తగ్గిస్తే సుమారు 27 ఏళ్లు. ఆ దారిలో 80 ఏళ్ల ఆయుష్షును 800 చేయాలంటే ప్రమాదాన్ని ఒకదాని తరువాత ఒకటిగా 90 సార్లు సగం చేయవలసి ఉంటుంది. ధ్రువపడిన రికార్డుల్లో అందరికన్నా ఎక్కువకాలం బతికి, 1997లో మరణించిన జీన్ కాల్మెంట్ 122 ఏళ్ల 164 రోజుల దగ్గర ఎందుకు ఆగిపోయారో దీన్ని బట్టి ఊహించవచ్చు.

వరానికి ఈ లెక్కలతో పనిలేదనుకున్నా, అదనంగా వచ్చే 720 ఏళ్లు ఏ వయసు దగ్గర వచ్చి చేరతాయన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. చివర చేరితే ఏడు శతాబ్దాల ముసలితనం. జీవితమంతా సమంగా సాగితే పదేళ్ల వయసులో తొలి అడుగులు, రెండు వందల ఏళ్లు వచ్చేదాకా చదువు. ఈ చిక్కును సరిగ్గా పట్టుకున్నవాడు యయాతి. అకాల వార్ధక్యం శాపంగా మీద పడినప్పుడు అతడు కొడుకులను అడిగింది యౌవనాన్ని, ఏళ్లను కాదు. పూరుడు ఇచ్చిన యౌవనంతో వేయేళ్లు గడిపాక కూడా కోరిక తరగలేదని చూసి దాన్ని తిరిగి ఇచ్చేశాడు. పైగా పెరిగేది మన ఆయుష్షు ఒక్కటే కనుక ఆప్తులందరూ పాత లెక్క ప్రకారమే వెళ్లిపోతారు. తరానికి 30 ఏళ్ల చొప్పున చూసుకున్నా, పాతికకు పైగా తరాలను సాగనంపవలసి వస్తుంది. నేను ఆ పక్షం వదిలేసింది అక్కడే.

స్నేహితుల సంఖ్యను పదింతలు చేసుకుంటామనే ఉదారులు కొందరుంటారు. మనిషి నిలుపుకోగల సంబంధాలు 150కి అటూ ఇటూగా ఉంటాయని, వాటిలో అతి దగ్గరివారు ఐదుగురేనని మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ చెప్పిన లెక్క చాలామందికి తెలిసిందే. ఐదుగురు యాభై మంది అయితే, ఒక్కొక్కరికి వారానికి రెండు గంటలు కేటాయించినా 100 గంటలవుతాయి; రోజుకు ఎనిమిది గంటలు నిద్రపోయే మనిషి వారంలో మేలుకొని ఉండేదే 112 గంటలు. దానికి తోడు ఐదుగురి మధ్య ఉండే జంటలు పది మాత్రమే కాగా, యాభై మంది మధ్య 1225 జంటలు ఏర్పడతాయి. వారిలో ఎవరికి ఎవరితో పొసగదో గుర్తుపెట్టుకోవడానికే ఒక స్నేహితుడు కావాలి.

చదివే వేగం అనే ఎంపిక పుస్తకప్రియులకు ఊరింపు. ఆంగ్లంలో మౌనంగా చదివేవారి సగటు వేగం నిమిషానికి 238 పదాలని 2019లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన తేల్చింది. 80 వేల పదాల పుస్తకానికి అయిదున్నర గంటలకు పైగా పట్టే సమయం, వేగం పదింతలైతే 34 నిమిషాలకు దిగుతుంది. అయితే చదువరిని వెనక్కి లాగేది ఎక్కువగా కన్ను కాదు. కన్ను అందించిన మాటలను వాక్యంగా, వాక్యాన్ని అర్థంగా కట్టుకునే మనసు. కన్ను పదింతల వేగంతో పోసే దాన్ని మనసు పాత జల్లెడతోనే పట్టుకోవాలి. దీర్ఘ వాక్యం చివరికి చేరేసరికి దాని కర్త ఎవరో మరిచిపోయి వెనక్కి వెళ్లడం నాకు ఇప్పటి వేగంలోనే అలవాటు.

ఆ మరుపు దగ్గరే నా ఎంపిక ఉంది. మనసు ఒకేసారి పట్టి ఉంచగల విషయాల సంఖ్యను, మనస్తత్వశాస్త్రం వర్కింగ్ మెమరీ అని పిలిచేదాన్ని, నేను పదింతలు చేసుకుంటాను. ఆ సంఖ్య ఏడు, ఒకటి రెండు అటూ ఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ అన్నాడు. విషయాలను గుంపులుగా కట్టుకునే ఉపాయాన్ని అడ్డుకుంటే అది సుమారు నాలుగేనని 2001లో నెల్సన్ కోవన్ వాదించాడు. నాలుగు ఎంత తక్కువో తెలుసుకోవడానికి కళ్లు మూసుకొని 47ని 86తో హెచ్చవేసి చూడండి. నేను మొన్న అదే చేశాను. 47ను 80తో హెచ్చవేస్తే 3760 వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, 47ను ఆరుతో హెచ్చవేయడానికి ముందు 240, తరువాత 42 తెచ్చుకొని, రెండూ కలిపి 282 అనుకొని వెనక్కి తిరిగేసరికి 3760 ఉన్న చోట 3670 కూర్చొని ఉంది. జవాబు 4042 రావలసింది, నాకు 3952 వచ్చింది. లెక్క రాక కాదు, పెట్టిన చోట పెట్టింది నిలవక తప్పాను.

ఈ సంఖ్యను నిజంగానే పదింతలు చేసుకున్న మనిషి ఒకడున్నాడు. 1980లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఎస్.ఎఫ్. అనే పొడి అక్షరాలతో మాత్రమే పేర్కొన్న ఒక విద్యార్థి, వరుసగా వినిపించే అంకెలను తిరిగి అప్పజెప్పడంలో ఏడుతో మొదలుపెట్టి, 230 గంటలకు పైగా సాగిన సాధనతో 79కి చేరాడు. అతడు పరుగు పందేల మనిషి కావడం వల్ల అంకెలను పరుగు సమయాలుగా మార్చుకొని గుంపులు కట్టుకునేవాడు. అంకెలకు బదులు అక్షరాలు వినిపించిన రోజున అతడి సామర్థ్యం మళ్లీ ఆరు దగ్గరికి వచ్చి పడింది. పెరిగింది కట్టుకునే నేర్పు, పెరగనిది వాటిని పట్టి ఉంచే పాత్ర. అవధాని ధారణను చూసి అబ్బురపడిన వారికి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. సాధనతో రానిదాన్నే వరంగా అడగాలన్నది నా లెక్క.

నాలుగు నలభై అయితే లాభం పదింతల దగ్గర ఆగదు. నాలుగు విషయాల మధ్య జంటలు ఆరే. నలభై విషయాల మధ్య 780. స్నేహితుల విషయంలో తలనొప్పి తెచ్చిన లెక్కే ఇక్కడ వరమవుతుంది, ఎందుకంటే ఆలోచన అనేది ముఖ్యంగా ఒక విషయాన్ని మరో విషయం పక్కన పెట్టి చూడటం, పక్కపక్కన పెట్టిన విషయాలు స్నేహితుల్లాగా అలగవు. సుదీర్ఘమైన నిరూపణ మొత్తం, ఒక వాదంలోని ఇరుపక్షాల మాటలన్నీ, చదరంగంలో వచ్చే పది ఎత్తులు, కాగితం మీదికి దించకుండా కళ్లముందు నిలుస్తాయి.

నేను అందరికీ వేసిన కొలబద్ద దీనికి కూడా వేయాలి. మనసులో ఉంచుకున్న జాబితాలో ఒక అంకె ఉందో లేదో వెతకడానికి ఒక్కో అంశానికి సుమారు 38 మిల్లీసెకన్లు పడుతుందని 1966లో సాల్ స్టెర్న్‌బర్గ్ కొలిచాడు. ఆ వేగమే ఇక్కడి తోడు సంఖ్య, అది పెరగదు. నాలుగు అంశాలను వెతకడానికి ఇప్పుడు సెకనులో ఆరో వంతు కూడా పట్టడం లేదు. నలభై అయినప్పుడు ఒక్కో వెతుకులాటకు సెకనున్నర పడుతుంది. వరమిచ్చేవారు బేరానికి ఒప్పుకుంటే నేను పదింతలు వదులుకొని రెట్టింపుతో సరిపెట్టుకుంటాను: ఎనిమిది అంశాలు, 28 జంటలు, వెతకడానికి సెకనులో మూడో వంతు కన్నా తక్కువ. బేరం కుదరదంటే నలభైకే తలూపుతాను, ఆ తరువాత నన్ను ఏదైనా అడిగినవారు జవాబు కోసం సెకనున్నర ఆగవలసి ఉంటుంది.