జాగ్రత్త: వెబ్‌సైట్ చేయించుకునేముందు డొమైన్ ఎవరి పేరు మీద కొంటున్నారో చూసుకోండి

మాది తణుకు. మా అత్తయ్య చేసే అరిసెలు, సున్నుండలు, పచ్చళ్లు అమ్మడానికి మూడేళ్ల కిందట వెబ్‌సైట్ పెట్టాం. చేసిపెట్టినతను "డొమైన్, హోస్టింగ్, మెయిల్ అన్నీ మన ప్యాకేజీలోనే మేడమ్, అంతా అన్‌లిమిటెడ్, మీరేమీ పట్టించుకోనక్కర్లేదు" అన్నాడు. ఆ మాటల్లో దేనికి ఏమర్థమో అప్పుడే అడిగి ఉంటే ఈ సంక్రాంతికి మాకు ఇంత నష్టం వచ్చేది కాదు. మీలో ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ తీసుకోబోతుంటే దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

పండక్కి వారం ముందు రాత్రి పదకొండున్నరకు హ్యూస్టన్ నుంచి మా ఆడపడుచు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. తెల్లటి పేజీ మీద "508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్" అని ఒక్కటే లైను. నేను తెరిస్తే ఒకసారి వస్తుంది, రెండుసార్లు రాదు. అమెరికా ఆర్డర్లు మనకు రాత్రిపూటే వస్తాయి. వరుసగా నాలుగు రాత్రులు ఇదే టెన్షన్.

హోస్టింగ్ సపోర్ట్ వాళ్లను గట్టిగా అడిగితే విషయం బయటపడింది. మాది షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్‌ను మనతో పాటు బోలెడు సైట్లు పంచుకుంటాయి, అపార్ట్‌మెంట్ అంతా ఒకే ట్యాంకు నీళ్లు వాడుకున్నట్టు. అన్‌లిమిటెడ్ అన్నది డిస్క్‌కి, బ్యాండ్‌విడ్త్‌కి మాత్రమేనట. బ్యాండ్‌విడ్త్ అంటే మన సైట్ నుంచి చూసేవాళ్ల ఫోన్లకు నెలంతా వెళ్లే డేటా. సీపీయూ, మెమరీ, ఎంట్రీ ప్రాసెస్‌లు మాత్రం లెక్క ప్రకారమే. మా ప్లాన్‌లో ఎంట్రీ ప్రాసెస్‌లు 20. అంటే ఒకే క్షణంలో ఇరవై పేజీలు తయారవుతుంటే ఇరవై ఒకటో మనిషికి ఆ 508 కనిపిస్తుంది. పండగ రద్దీకి అదెక్కడ సరిపోతుంది? ఐనోడ్ లిమిట్ కూడా ఉంది, అదీ అడగండి. ఒక్కో ఫైలుకు ఒక ఐనోడ్ ఖర్చవుతుంది. మా సర్వర్‌లో ఒక్కో మెయిలూ ఒక ఫైలే, అరిసెల ఫోటో ఒకటి పెడితే మా సైట్ నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ దాన్ని రకరకాల సైజుల్లో కాపీలు చేసుకుంటుంది. ఆ లెక్క దాటితే డిస్క్ ఎంత ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు ఎక్కదు.

సరే, వేరే చోట పెద్ద ప్లాన్ తీసుకుందాం అనుకున్నాం. అసలు దెబ్బ అప్పుడు తగిలింది.

డొమైన్ అంటే సైట్ పేరు. హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉండే చోటు. రెండూ వేర్వేరు. చోటు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పేరు పోతే మాత్రం మూడేళ్లుగా ప్రతి పచ్చడి సీసా లేబుల్ మీద అచ్చేయించినదంతా పోయినట్టే. డొమైన్ అమ్మే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. డాట్‌కామ్ పేరును ఒక రిజిస్ట్రార్ నుంచి మరో రిజిస్ట్రార్‌కి మార్చుకోవాలంటే ఆథ్ కోడ్ (డొమైన్‌కి పాస్‌వర్డ్ లాంటిది) కావాలి, యజమాని అడిగిన ఐదు రోజుల్లో ఆ కోడ్ ఇవ్వాలని డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐక్యాన్ నిబంధన ఉంది. ఆ ధైర్యంతోనే రిజిస్ట్రార్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "మేడమ్, మా రికార్డుల్లో ఈ డొమైన్ మీ పేరు మీద లేదండి." పేరు, మెయిల్, ఫోన్ నంబర్, మూడూ సైట్ చేసినతనివే. ఏటా డబ్బు కట్టింది మేం, యజమాని అతను!

రెండు రోజులు అతను ఫోన్ ఎత్తలేదు. ఎత్తాక ట్రాన్స్‌ఫర్ చార్జీలని 12,000 అడిగాడు. పండగ నెత్తి మీద ఉంది, బతిమాలి 8,000 కట్టి డొమైన్‌ను మా అకౌంట్‌లోకి మార్పించుకున్నాం. కొత్త హోస్టింగ్‌కి నేమ్‌సర్వర్లు (మన డొమైన్ ఎక్కడికి దారి తీయాలో చెప్పే సర్వర్లు) మార్చగానే సైట్ వచ్చింది కానీ మెయిల్ ఆగిపోయింది. మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును కొత్త చోట ఎవరూ పెట్టలేదు. మీరు మారేటప్పుడు పాత డీఎన్‌ఎస్ రికార్డులన్నీ (సైట్, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఇలాంటి ఎంట్రీలు) ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

బిల్లుల సంగతి కూడా చెప్పాలి. మొదటి ఏడాది హోస్టింగ్ 1,499 అన్నాడు. రెన్యూవల్ 5,999, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 7,078 రూపాయల 82 పైసలు. కట్టేముందు రెన్యూవల్ ధర రాసి ఇమ్మనండి. ఎస్‌ఎస్‌ఎల్ (సైట్‌కి, చూసేవాళ్లకు మధ్య డేటాను భద్రంగా ఉంచే సర్టిఫికెట్) పేరుతో ఏటా ఇంకో 2,500 తీసుకున్నాడు. తీరా చూస్తే అతను మాకు పెట్టింది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్, అది వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చేది.

మీకు ఇప్పటికే సైట్ ఉంటే ఐక్యాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ కొట్టి చూడండి. రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో తెలుస్తుంది. యజమాని పేరు మాత్రం చాలాసార్లు ప్రైవసీ కింద దాచి ఉంటుంది, అందుకే అంతటితో సరిపెట్టుకోకండి. రిజిస్ట్రార్ అకౌంట్ లాగిన్ మీ చేతికి ఇమ్మనండి, లోపలికి వెళ్లి రిజిస్ట్రంట్ (అంటే యజమాని) దగ్గర మీ పేరు, మీ మెయిల్ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. "తర్వాత ఇస్తాలెండి" అంటే అక్కడే ఆగిపోండి. డాట్‌కామ్ గడువు దాటి డిలీట్ అయినా 30 రోజుల రిడెంప్షన్ కాలం ఉంటుంది, అదనపు ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ఆ అవకాశం కూడా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే.

మా డొమైన్ గడువు ఆగస్టులో ఉంది. అత్తయ్య వంటింటి కేలండర్‌లో జూలై పేజీ మీదే ఎర్ర పెన్నుతో రాసిపెట్టింది.