రెండేళ్లుగా పీల్స్ చేయించుకుంటున్నాను: మొటిమలు తగ్గాయి, గుంటలు తగ్గలేదు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇరవై ఆరేళ్లు వచ్చినా వదల్లేదు. దవడ పక్కన, గడ్డం మీద చీము పట్టి లేచేవి, ఒకటి తగ్గితే అక్కడ నల్లమచ్చ మిగిలేది. పక్కింటి మావుసి (పిన్ని) చెప్పిందని పసుపు, వేపాకు నూరి రాశాను. మందుల షాపులో ఇచ్చిన క్రీము కూడా రాశాను. దాంతో నెల రోజులు ముఖం తేటగా ఉంది, ఆపగానే ఎర్రగా కందిపోయి ఇంతకుముందుకన్నా ఎక్కువ మొటిమలు వచ్చాయి. అందులో స్టెరాయిడ్ ఉందట. డాక్టర్ రాయకుండా ఆ ట్యూబులు దయచేసి ఎవరూ వాడకండి.

పీల్ అంటే ముఖానికి యాసిడ్ పూసి చర్మం పైపొర ఊడిపోయేలా చేసే చికిత్స. నా మొదటి పీల్ మాత్రం తప్పు చోట జరిగింది. ప్రకటన చూసి వెళ్లాను. ముఖానికి ఏం రాస్తున్నావని కూడా అడగకుండా గ్లైకోలిక్ యాసిడ్ పెట్టేశారు. నేను ముందురోజు రాత్రి వరకు అడాపలీన్ అనే మొటిమల మందు రాసుకునే ఉన్నాను, అది ఆపాలని నాకు తెలియదు. మంట తట్టుకోలేకపోయాను. దానికి తోడు అవి రజ పండుగ రోజులు (జూన్ నడుమ వచ్చే ఒడియా పండుగ, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు), మూడో రోజు మావుసి వాళ్ల పెరట్లో మధ్యాహ్నమంతా ఎండలో ఉయ్యాల ఊగాను. అప్పటికే చర్మం పొరలు పొరలుగా లేస్తోంది, గోరుతో లాగాను కూడా. కుడి బుగ్గ మీద గోధుమరంగు మచ్చ పడి ఐదు నెలలు ఉండిపోయింది. మన చామనచాయ చర్మానికి పీల్‌తో ఉన్న పెద్ద భయం ఇదే, కాస్త కాలితే చాలు నల్లబడిపోతుంది.

తర్వాత బరంపురంలో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ వెంటనే పీల్ చేయలేదు. ఆరు వారాలు రాత్రి అడాపలీన్, పొద్దున 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, దాని మీద సన్‌స్క్రీన్ రాయించారు. పీల్‌కి వారం ముందు అడాపలీన్ ఆపమన్నారు. ఆ తర్వాతే 20 శాతం సాలిసిలిక్ యాసిడ్‌తో మొదలుపెట్టి, మూడో సిట్టింగ్ నుంచి 30 శాతానికి వెళ్లారు. సాలిసిలిక్ నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డుతో మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగుతుందని చెప్పారు. పెదాల మూలల్లో, ముక్కు పక్కన వాజలిన్ రాసి, బ్రష్‌తో పూస్తారు. రెండు నిమిషాలు చురచురమంటుంది, తర్వాత తిమ్మిరెక్కినట్టు మంట తగ్గి ముఖం మీద తెల్లటి పొడిలా తేలుతుంది. అది చర్మం కాదు, మందే. మూడో రోజు నుంచి నాలుగైదు రోజులు పొట్టు రాలుతుంది. లాగకూడదు, మాయిశ్చరైజర్ రాసి వదిలేయాలి.

మూడు వారాలకొకటి చొప్పున ఆరు, సిట్టింగ్‌కి 1,800 రూపాయలు, బస్సు ఖర్చు వేరు. తిరిగొచ్చేటప్పుడు ఎండ పడని వైపు సీటు చూసుకుని చున్నీ కప్పుకుని కూర్చునేదాన్ని. నాలుగో దాని తర్వాతే తేడా కనిపించింది. చీము మొటిమలు బాగా తగ్గాయి, జిడ్డు తగ్గింది. నల్లమచ్చల కోసం తర్వాత మాండెలిక్ యాసిడ్ పీల్ పెట్టారు, దాని అణువు పెద్దది కాబట్టి చర్మంలోకి మెల్లగా దిగుతుంది, మంట తక్కువ. మచ్చలు చాలా వరకు పోయాయి. కానీ పాత గుంటలు, ముఖ్యంగా సూదితో పొడిచినట్టుండేవి, అలాగే ఉన్నాయి. ఈ పైపై పీల్స్‌తో గుంటలు పూడతాయని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

పీల్ ఒక్కటే పెట్టించుకుని ఇంటి దగ్గర క్రీములు మానేస్తే మొటిమలు తిరిగొస్తాయి. నేను మధ్యలో రెండు నెలలు మానేసి చూశాను, వచ్చాయి. ఇప్పటికీ నెలసరి ముందు ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. గర్భంతో ఉన్నవాళ్లు, ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, పెదాల మీద జ్వరం పొక్కులు వచ్చేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో సీసాలు కొని ఇంట్లో పూసుకునే ధైర్యం మాత్రం చేయకండి.

ఇప్పుడు మా చెల్లికీ మొటిమలు మొదలయ్యాయి. దానికి ప్రస్తుతం క్రీములే నడుస్తున్నాయి, మొదటి సిట్టింగ్ రజ వెళ్లాకే పెట్టమని డాక్టర్‌ని అడిగాను.